గాలి సూది

సూది పళ్ల మధ్య ఉంది కాబట్టి కొమురెల్లి జవాబు చెప్పలేకపోయాడు. స్నానం ముగించి, తడిసిన మొలతాడును తువ్వాలతో ఒత్తుకుంటూ, రెండంగుళాల ఆ స్టీలు సూదిని ముందరి పళ్లతో కరిచిపట్టుకుని గది మధ్యలో నిలబడ్డాడు. పొయ్యి దగ్గరనుంచి సాలమ్మ మూడోసారి అడిగింది.

"డబ్బాల రొట్టె పెట్టాల్నా, అన్నం పెట్టాల్నా? చెప్పవేంది?"

"ఊ," అన్నాడు కొమురెల్లి.

"ఊ అంటే ఏందో నాకెట్ల ఎరుక? లగ్గమై నలభై ఏండ్లాయె. పొద్దుగాల నీ నోట్లె ఒక్కనాడన్న నా పేరు ఉన్నదా? గా సూదే ఉంటది."

మొలతాడు ఆరాక సూదిని ఎడమ పక్క ముడిలో దూర్చి, రెండుసార్లు చుట్టి బిగించాడు. వాలీబాల్‌లో గాలి నింపే సూది అది. పంపు మొనకు బిగించి, నోట్లో పెట్టి తడిచేసి, బంతికున్న నల్లటి రబ్బరు రంధ్రంలో గుచ్చాలి. ఆ రంధ్రాన్ని ఆయన బొడ్డు అంటాడు. పొడి సూది గుచ్చితే బొడ్డు చిరిగి బంతి పనికిరాకుండా పోతుంది. సూదిని మొలతాడుకే ఎందుకు కట్టుకోవాలంటే దానికొక కథ ఉంది. ఎప్పుడో జనగామ టోర్నమెంటులో ఫైనలు పొద్దున సూది పోయిందట. జట్టులో ఆరుగురూ వరసగా నిలబడి బంతిని నోటితో ఊదారట. ఊదీ ఊదీ ఒకడు సొమ్మసిల్లాడట. పొద్దున అందరూ ఉల్లిగడ్డ తిని ఉండటంతో, బంతి అవతలికి పోయిన ప్రతిసారీ ఎదుటి జట్టు ముక్కు మూసుకుందట. "ముక్కు మూసుకున్న చేతితోని బంతెట్ల ఆడుతరు? గట్ల గెలిచినం," అని ముగిస్తాడు కొమురెల్లి. విన్నవాళ్లు నమ్మరు. ఆయన నమ్మమని కూడా అనడు.

చిల్కానగర్ సందుల్లోంచి ఉప్పల్ రింగ్ రోడ్డు దాకా నడిచి, బస్సెక్కి హబ్సిగూడలో దిగి, అక్కడ నాచారం షేర్ ఆటో పట్టుకున్నాడు. మార్చి నెల. ఎనిమిదింటికే ఎండ వీపు మీద చెయ్యి వేసింది. ఆటోలో డ్రైవర్ పక్కన సగం సీటు మీద కూర్చుని, పైన ఇనుప కడ్డీ పట్టుకున్నాడు. ఆ చెయ్యి చూసినవాళ్లు ఒకసారి ఆగి మళ్లీ చూస్తారు. మనిషి సన్నం, మెడ సన్నం, కాళ్లు ఇంకా సన్నం. చేతులు మాత్రం ఎవరో భారీ మనిషివి తెచ్చి అతికించినట్టుంటాయి. వేళ్లు దగ్గరికి రావు. కుడి చిటికెన వేలు నడుమ విరిగి, అతుక్కుని, బయటికి తిరిగిపోయింది. అన్నం తింటుంటే మెతుకులు ఆ సందులోంచే జారతాయి.

ముప్ఫై ఏళ్లు ఆయన మోటార్ల కంపెనీ జట్టుకు లిఫ్టర్. వాలీబాల్‌లో ఎగిరి కొట్టేవాడికి చప్పట్లు పడతాయి. వాడు ఎక్కడ ఎగురుతాడో అక్కడ, ఎంత ఎత్తున కావాలో అంత ఎత్తున, పళ్లెంలో పెట్టినట్టు బంతిని పెట్టేవాడు లిఫ్టర్. వాణ్ణి ఎవరూ చూడరు. ఎవరూ చూడని ఆ ముప్ఫై ఏళ్లను కొమురెల్లి నోటితో పూడ్చుకున్నాడు. బీబీనగర్‌లో తాను ఎత్తిన బంతి ఎంత పైకి పోయిందంటే, కొట్టాల్సినవాడు బీడీ ముట్టించి, రెండు దమ్ములు లాగి, ఆర్పి చెవిమీద పెట్టుకుని, అప్పుడు తీరిగ్గా ఎగిరి కొట్టాడట.

"మరి రెఫరీ ఏం జేసిండు కాకా?" అని అడుగుతారు వినేవాళ్లు.

"ఆయన గూడ ఒక దమ్ము అడిగిండు."

ఇంత నోరున్న మనిషి రిటైరయ్యాక నాలుగు నెలలు మాట లేకుండా ఉన్నాడు. రెండువేల నాలుగు చివర్లో దండ వేసి పంపేశారు. పొద్దున్నే లేచి, డబ్బా లేకుండా రింగ్ రోడ్డుకు పోయి, బస్టాపు పక్కన రాయి మీద కూర్చునేవాడు. కంపెనీకి పోయే తెలిసిన మొహాలు కనబడతాయేమోనని చూసేవాడు. ఒకరోజు ఆటో వెనక్కి తీస్తూ ఎవరో కుర్రవాడు, "ఓ ముసలాయనా, జర జరుగు," అన్నాడు. తప్పేమీ అనలేదు. ఆయన ముసలాయనే, జరగాల్సిందే. కానీ ఆ రోజు కొమురెల్లి ఇంటికి పోయి అన్నం తినలేదు.

ఆ తర్వాతి నెలలోనే వెల్ఫేర్ ఆఫీసర్ ఉమామహేశ్వర్ స్కూటర్ మీద చిల్కానగర్ సందులోకి వచ్చాడు. కొమురెల్లి లేక జట్టు వరసగా ఓడుతోందట. ప్యాకింగ్ సెక్షన్లో నరేందర్ అని ఒక కాంట్రాక్టు కుర్రవాడు ఉన్నాడట. చేతిలో పని ఉంది కానీ నేర్పేవాడు లేడట. "ఒక్క ఏడాది రండి కొమురెల్లి గారూ. వాణ్ణి తయారుచేసి పెట్టండి. తయారైతే వాణ్ణి ఆటగాళ్ల కోటాలో పర్మనెంటు చేస్తాం," అన్నాడు. సందులో అందరూ గుమ్మాల్లోకి వచ్చి చూశారు. స్కూటర్ వెళ్లిపోయాక కూడా కొమురెల్లి చాలాసేపు వాకిట్లోనే నిలబడ్డాడు. అందరూ చూడాలని.

కంపెనీ గేటు దగ్గర పాస్ చూపించి లోపలికి పోయాడు. పర్మనెంటు వాళ్లకూ ఆయనకూ నీలం పాస్. కాంట్రాక్టు వాళ్లకు పసుపు పాస్. మూడు నెలలకొకసారి మారుస్తారు, మార్చకపోతే ఇక రానక్కర్లేదని అర్థం. క్యాంటీన్ పోశయ్య కిటికీలోంచి కేకేశాడు.

"లిఫ్టరన్నా, సాయంత్రం చాయ రాలేదని మల్ల నా మీద పడకు. పోయినేడు ఎండకాలంల నెల దినాలు తిట్టినవ్. పంపిన్రా అంటే ఇనవాయె."

"పంపితే యాడికి పోయింది? కాకి తాగిందా?"

"నీ కథలల్ల గద్దలు బీడీలు తాగుతయి. కాకి చాయ తాగితే వింతేంది?"

కొమురెల్లి నవ్వాడు గానీ ఆగలేదు. పన్నెండింటికి ఆఫీసుకు రమ్మని నిన్ననే కబురు వచ్చింది. సంవత్సరం రిపోర్టు రాయాలి. ఏం రాయాలో ఆయన ముందే అనుకున్నాడు. ఈ ఏడు నరేందర్ తయారయ్యాడనే రాస్తాడు. అలా అనుకున్నప్పుడల్లా ఆయనకు ఒళ్లు కాస్త తేలికయ్యేది. ఆలస్యమైతే అయింది, ఇచ్చేది తనే కదా అని ఒక పెద్దరికం కూడా వచ్చింది.

ఉమామహేశ్వర్ గోదావరి వైపు మనిషి. కుర్చీని జరిపేటప్పుడు కూడా దానికి నొప్పి కలగకుండా జరుపుతాడు. ఆటలో ఆయనకు తెలిసింది తక్కువ. ఎదురుగా రెండు కాగితాలు పెట్టుకుని ఉన్నాడు.

"కూర్చోండి. ఎలా ఉన్నాడండీ మన నరేందర్?"

"తయారైండు సార్. ఇగ ఢోకా లేదు."

ఆఫీసర్ కలం కింద పెట్టాడు. "అయ్యో," అన్నాడు మెల్లగా. "ఇప్పుడే చూశానండీ. జనవరిలో అతనికి ఇరవై ఆరు నిండాయి. కోటాకి నిండకూడదు. పోయినేడాది మీరు తయారయ్యాడని రాసి ఉంటే ఈపాటికి అయిపోయేది." కొమురెల్లి మొహం చూసి, ఓదార్పుగా అన్నాడు, "మీరేం చేస్తారు లెండి. రానివాడికి వచ్చిందని రాయలేరు కదా. నిక్కచ్చి మనిషి మీరు."

మొదటి కాగితం పోయినేటిది. కొమురెల్లి ఐదో తరగతి అక్షరాలు, ఒకదాని మీదికి ఒకటి ఒరిగి ఉన్నాయి. 'బంతి ఇంకా చేతిలో తిరుగుతున్నది. ఇంకొక ఏడాది పడుతుంది.'

మంచి లిఫ్టర్ వేళ్లనుంచి లేచిన బంతి గాలిలో తిరగదు. అలాగే నిలబడి పైకి పోతుంది. దాని బొడ్డు ఎటు ఉన్నదో అటే ఉంటుంది. నరేందర్ చేతినుంచి మొదటి దసరా నాటికే బంతి అలా లేచింది. ఆ రోజు కొమురెల్లి గుండె కూడా లేచింది. ఆ తర్వాత రిపోర్టు రాసే రోజు వచ్చింది. తయారయ్యాడని రాస్తే తన పని అయిపోతుంది, మళ్లీ రింగ్ రోడ్డు పక్కన రాయి. తయారు కాలేదని రాయడం ఎవరికీ నొప్పి కలగని అబద్ధంలా కనిపించింది. ఒక్క ఏడాదే కదా అనుకున్నాడు. ఆయన జీవితమంతా చెప్పిన అబద్ధాలు ఆకాశమంత పెద్దవి, ఒక్కరూ నమ్మలేదు. రెండు వాక్యాల ఈ చిన్నదాన్ని అందరూ నమ్మారు.

"ఇగ వానికి పర్మనెంటు కాదా సార్?"

"కాంట్రాక్టులోనే ఉంటాడు. మరి మీ పొడిగింపు కాగితం కూడా వచ్చిందండీ." రెండో కాగితం ముందుకు జరిగింది. "వేరే చిన్నకుర్రాణ్ణి ఎవర్నైనా చూద్దాం. నేర్పడానికి మీరుండాలిగా."

కొమురెల్లి ఆ కాగితాన్ని ముట్టుకోలేదు. "పోయినేటి కాయితం తప్పు రాసి ఉంటే?" అన్నాడు.

"తప్పంటే?"

"రాసినోడే, నేను తప్పు రాసిన అంటే."

ఉమామహేశ్వర్ కాసేపు ఫ్యాన్ కింద ఎగురుతున్న కాగితం మూలను వేలితో నొక్కి పట్టుకున్నాడు. "అప్పుడు దిద్దుబాటు పెట్టొచ్చు. పోయినేటి తేదీతోనే లెక్కలోకి వస్తుంది. కానీ ఎందుకు తప్పు రాశాడో కూడా రాసివ్వాలండీ. కమిటీలో పైకి చదువుతారు, జట్టు కెప్టెన్ ముందర." రెండు కాగితాలనూ ఒకదాని మీద ఒకటి పెట్టాడు. "సాయంత్రం గ్రౌండ్‌కి వస్తాను. ఏదైనా అక్కడే ఇద్దురు గాని."

మధ్యాహ్నమంతా కొమురెల్లి స్టోర్స్ గదిలో నెట్ బాగుచేస్తూ కూర్చున్నాడు. తెగిన గళ్లను నైలాన్ దారంతో ముడులు వేస్తూ, మధ్యలో ఆపి కాగితం తీసుకున్నాడు. మొదట రాసింది, పోయినేడు ఆ రోజు ఎండ కళ్లలో పడి బంతి సరిగా కనబడలేదని. చదువుకున్నాడు. అది కూడా అబద్ధమే. చించేశాడు. రెండోది, చూపు మందగించిందని, డాక్టరు అద్దాలు రాశాడని, ఆ అద్దాలు కోతి ఎత్తుకుపోయిందని. కోతి దగ్గరికి వచ్చేసరికి ఆయన చెయ్యి ఆగిపోయింది. తప్పు ఒప్పుకునే కాగితంలోకి కూడా కోతిని తెచ్చుకున్నాడు. చెవులు వేడెక్కాయి. గదిలో ఎవరూ లేకపోయినా తల పైకెత్తలేదు. సాలమ్మ కట్టిన రొట్టె డబ్బాలో అలాగే ఉండిపోయింది. మూడో కాగితం మీద నాలుగు వాక్యాలు రాసి, మడిచి, జేబులో పెట్టుకున్నాడు.

నాలుగింటికి మొదటి షిఫ్టు విడిచారు. షెడ్ల వెనక గ్రౌండ్. పక్కన మందుల కంపెనీలోంచి కుళ్లిన గుడ్ల లాంటి వాసన గాలివాటంగా వచ్చి పోతుంది. నరేందర్ అప్పటికే వచ్చి సున్నం గీతలు సరిచేస్తున్నాడు. దమ్మాయిగూడ నుంచి మోటార్‌సైకిల్ మీద వస్తాడు. భుజాలు వెడల్పు, మాట తక్కువ. ఎడమ చేతిలో టీ గ్లాసు ఉంది. గ్లాసు మీద కాగితం మూత.

"కాకా, చాయ. సల్లారుతది."

కొమురెల్లి తాగలేదు. గ్లాసును బెంచీ మీద పెట్టి, బంతి తీసుకుని, నెట్‌కు ఇవతల నిలబడి విసరడం మొదలుపెట్టాడు. నరేందర్ ఎత్తుతున్నాడు. ఎత్తిన ప్రతిసారీ బంతి చప్పుడు లేకుండా లేచింది. నల్లటి బొడ్డు ఆకాశంలో ఒకే చోట ఉండి, ఒకే చోట ఉండి, కిందికి దిగింది. ఇరవై బంతులు. మిగతా ఆటగాళ్లు ఇంకా రాలేదు.

"నరేందరూ, బొడ్డు సూస్తున్నవా?"

"సూస్తున్న."

"తిరిగిందా?"

"లేదు కాకా."

"పోయినేడు?"

నరేందర్ బంతిని చంకలోకి తీసుకున్నాడు. షెడ్డు వైపు ఒకసారి, నేల వైపు ఒకసారి చూశాడు.

"పోయినేడు గూడ తిరగలే."

"నీకెట్ల ఎరుక?"

"నువ్వే నేర్పితివి గద. ఎత్తినంక మనిషిని సూడొద్దు, బొడ్డును సూడు అని. రోజు సూస్తనే ఉన్న."

కొమురెల్లి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక బెంచీ మీద కూర్చుని, వాటిని తొడల కింద దాచాడు. ఏడాదిగా ఈ రహస్యాన్ని తానొక్కడే మోస్తున్నానని అనుకున్నాడు. ఎదుట నిలబడి రోజూ కాకా అని పిలిచినవాడు అంతా తెలిసే పిలిచాడు.

"నేనేం రాసిన్నో గూడ ఎరుకనా?"

"క్లర్కు చెప్పిండు. అప్పుడే."

"మరి నన్నెందుకు అడగలే?"

"ఏమని అడగాలె కాకా? పసుపు పాసోన్ని. తిరిగింది అని నువ్వంటే, తిరగలే అని నేనెవరితోని చెప్పిస్త?"

"కోపం రాలేదా?"

"ఎందుకు రాదు? మస్తు వచ్చింది." నరేందర్ బంతిని నేలకేసి ఒకసారి కొట్టి పట్టుకున్నాడు. "నెల దినాలు నీకు చాయ ఇయ్యలే. పోశయ్య పంపుతనే ఉండె. నేనే గా గోడ కాడ పారబోస్తి. నువ్వేమో పోయి పోశయ్యతోని లడాయి పెట్టుకుంటివి."

కొమురెల్లికి ఆ ఎండాకాలం గుర్తొచ్చింది. గోడ పక్కన రోజూ తడి. క్యాంటీన్ కిటికీ దగ్గర తాను చేసిన గొడవ. పోశయ్య తల్లిని కూడా అన్నాడు ఒకరోజు.

"మల్ల ఎందుకు తెచ్చినవ్?"

"ఏమో. ఒకనాడు నువ్వు గా బీడీ కథ చెప్తున్నవ్ అందరికి. ఇనుకుంట నవ్వొచ్చింది. నవ్వినంక చాయ పారబోయబుద్ధి కాలే." కాస్త ఆగాడు. "కోపం పోయిందని కాదు. జర పక్కకు పెట్టిన, గంతే."

"ఇంట్ల కూసోలేకపోయిన బిడ్డా," అన్నాడు కొమురెల్లి. ఆయన నోట కథ కాని మాట వస్తే ఎంత చిన్నగా వస్తుందో ఆయనే మొదటిసారి విన్నాడు. "గంతే. వేరే ఏం లేదు."

నరేందర్ పర్వాలేదని అనలేదు. బంతిని బొటనవేలితో నొక్కి చూసి, "గాలి తగ్గింది కాకా," అని అందించాడు.

కొమురెల్లి చొక్కా ఎత్తి మొలతాడు ముడి విప్పాడు. సూదిని పంపుకు బిగించి, వంగి మొనను నోట్లో పెట్టుకుని తడిచేస్తుండగా ఉమామహేశ్వర్ గ్రౌండ్‌లోకి వచ్చాడు. చేతిలో పొడిగింపు కాగితం ఉంది. కొమురెల్లి జేబులోది తీసి ఇచ్చి, సూదిని బొడ్డులో గుచ్చి గాలి కొట్టసాగాడు. ఆఫీసర్ నిలబడే చదివాడు.

'పోయినేడు బంతి తిరగలేదు. నరేందర్ పోయినేడే తయారైనాడు. నా పని పోతుందని తిరిగినట్లు రాసినాను. ఇది నా తప్పు.'

పంపు పది దెబ్బలు పడ్డాయి. ఉమామహేశ్వర్ కాగితాన్ని ఎలా ఉందో అలాగే మడిచాడు. పొద్దున నిక్కచ్చి మనిషి అన్న ఆయన, ఇప్పుడు కొమురెల్లి భుజం మీదుగా ఎక్కడో నెట్ వైపు చూస్తూ మాట్లాడాడు.

"ఇది చాలండీ. అతని పని అయిపోతుంది. కానీ పైకి చదువుతారు."

"చదవనియ్యి సార్."

"మరి ఇది..." రెండో కాగితం చేతిలోనే ఉంది.

"అది వద్దు సార్." నీలం పాస్ మెడలోంచి తీసి ఆ కాగితం మీదే పెట్టాడు. "రేపటికెల్లి రాను."

సూది లాగి, బంతిని రెండు చేతుల మధ్య తిప్పి, బిగువు చూసి, నరేందర్ వైపు విసిరాడు. నరేందర్ ఆఫీసర్ చేతిలోని పాస్‌ను చూస్తున్నాడు. బంతి ఛాతీకి తగిలి కింద పడింది. రెండేళ్లలో అతను వదిలేసిన మొదటి బంతి అది.

"కాకా," అన్నాడు.

"బంతిని సూడు. మనిషిని సూడొద్దు."

పంపునుంచి సూది విప్పాడు. అలవాటుగా చెయ్యి నడుము దగ్గరికి పోయింది, అక్కడ ఆగింది. తిరిగొచ్చి బెంచీ దగ్గర ఒక్క క్షణం ఉంది. చల్లారిన చాయను నిలబడే ఒక్క గుక్కలో తాగి, గ్లాసు పోశయ్యకు ఇవ్వడానికి పట్టుకుని నడిచాడు. క్యాంటీన్ కిటికీ దగ్గర గ్లాసు పెట్టి, ఏదో అనబోయి, పోశయ్య వీపు మాత్రమే కనబడుతుంటే ఆ వీపుకే, "పోయినేడు తప్పు నీది గాదు," అన్నాడు. మసిలే నీళ్ల చప్పుడులో పోశయ్యకు అది వినబడలేదు.

గేటు దగ్గర కాపలావాడు, "రేపు జల్ది వస్తవా లిఫ్టరన్నా? మా బామ్మర్దికి గా ఉల్లిగడ్డ కథ చెప్పాలె నువ్వు," అన్నాడు.

"ఊ," అన్నాడు కొమురెల్లి, నోట్లో ఏమీ లేకపోయినా.

షేర్ ఆటో ఆయన్ని ఎక్కించుకుని హబ్సిగూడ వైపు పోయింది. వెనక షెడ్ల అవతల, ఆటగాళ్లు ఒక్కొక్కరే వచ్చి చొక్కాలు విప్పి బెంచీ చివర పడేస్తున్నారు. నరేందర్ ఆ చొక్కాలను జరిపి మధ్యలో జానెడు చోటు ఖాళీగా ఉంచాడు. అక్కడ పంపు, పంపు పక్కన గాలి సూది. దాని మొన మీది తడి ఇంకా ఆరలేదు.